కొండ క్రింద నిలిచినవారి పాలు

ధ్యానభాగములు: ఆదికాండము 33:12–14, 1 సమూయేలు 30:9–25, రోమీయులకు 15:1–3



మన కోటవురట్ల ప్రాంతము వారికి కొండలు క్రొత్త కావు. పొలము గట్టున నిలిచి తల యెత్తినచో కొండలే కనబడును. వాన అటునుండి వచ్చును. వరాహ నదికి నీరు అటునుండియే దిగును. నూట ఇరువదియొకటవ కీర్తన చదువునప్పుడు కొండ యెట్లుండునో మనకు ఎవరును బొమ్మ గీసి చూపనక్కరలేదు. అయినను కొండను చూచుట వేరు, కొండ యెక్కుట వేరు. ఎక్కునప్పుడు మన కాళ్లలోని బలమే గాక మన మనస్సులో నున్నదియు బయటపడును. నాకు అట్లు బయటపడిన సంగతి యొకటి ఈ నెల మీతో చెప్పవలెనని యున్నది. అది నా తప్పిదము గనుక చెప్పుట సుళువు కాదు.

రెండేండ్ల క్రిందట, క్రిస్మసు పండుగ గడచిన వారము, మా సంఘ యౌవనస్థులు చెరువులవేనం కొండమీద ఉదయ ప్రార్థన జరుపవలెనని కోరిరి. నర్సీపట్నమునుండి చింతపల్లికి పోవు దారి మన్యములోనికి చాల దూరము సాగిపోవు పాత దారి. ఆ దారిలో ఘాటు ఎక్కిన తరువాత లంబసింగి వచ్చును. అది సముద్రమట్టమునకు సుమారు 1,000 మీటర్ల ఎత్తున నున్న ఊరు. దాని దాపుననే చెరువులవేనం. శీతకాలమున తెల్లవారుజామున ఆ కొండమీద నిలిచినవారికి క్రింది లోయలన్నియు మేఘములతో నిండి పాలకడవవలె కనబడును. రాత్రి బయలుదేరి, వేకువను కొండ యెక్కి, ప్రార్థన చేసికొని, సాయంకాలమునకు ఇల్లు చేరవచ్చును.

నేను సంఘపెద్దలలో ఒకడను గనుక వారిని నడిపించు పని నాకు అప్పగించిరి. నేనును ఉత్సాహముతో ఒప్పుకొంటిని. ఒంగోలు కథ నా మనస్సులో నుండెను. 1854 జనవరి 1వ తేదీన, ఇంకను చీకటి యుండగనే, జ్యూయెట్ దొరగారు, ఆయన భార్య, తెలుగు విశ్వాసులైన నర్సు, జూలియా, రూతు అను ఐదుగురు ఒంగోలు కొండ యెక్కి, సూర్యుడు ఉదయించు వేళ ఆ ప్రాంతము కొరకు ప్రార్థించిరి. దానికి నేటికిని ప్రార్థన కొండ యనియే పేరు. అప్పటికి ఆ చుట్టుప్రక్కల సంఘము లేదు. 1878 జూలై 3వ తేదీన గుండ్లకమ్మ నదిలో ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఈ కథ వ్యానులో చెప్పి పిల్లలను సిద్ధపరచితిని. ఆ ఐదుగురును కలిసి యెక్కిరి అను మాట నా నోట వచ్చినదే గాని నా చెవిని సోకలేదు.

మేము మొత్తము 26 మందిమి. అందులో మా సంఘపు అప్ప యొకతె యుండెను. ఆమెకు అరువది యేండ్లు దాటినవి. జీడితోటలలో కూలికి పోవును. వ్యాను బాడుగలో తన వంతు మూడు వందల రూపాయలు రెండు నెలల ముందునుండి కొంగున ముడివేసి దాచి, నా చేతికి ఇచ్చినది. “నానెప్పుడూ కొండెక్కి పార్దన సేసుకోనేదు తమ్ముడూ, సూత్తాను” అనినది.

వేకువను నాలుగు గంటలకు నడక మొదలిడితిమి. చలి యెముకలు కొరుకుచుండెను. మంచు కురియుటచేత ముందు నడుచువాని వీపు తప్ప మరేమియు కనబడలేదు. పిల్లలు పాటలు పాడుచు వడివడిగా పోవుచుండిరి. సగము దారి కాకమునుపే అప్పకు ఆయాసము పట్టినది. నాలుగడుగులు వేయుట, నిలుచుట, మరల నాలుగడుగులు. పైనుండి పిల్లలు, “తాతగారూ, తూర్పు తెల్లబడుతోంది, రండి” అని కేకలు వేయుచుండిరి. నేను ఆమె వైపు చూచితిని, ఆకాశము వైపు చూచితిని. ఆమె నా ముఖము చూచి, నేను అడుగకమునుపే, “మీరెల్లండి తమ్ముడూ, నానిక్కడ కూకుంతాను” అనినది. నా మనస్సు తేలికపడినది. దారి ప్రక్కన ఒక బండరాయి మీద ఆమెను కూర్చుండబెట్టి, నా తువ్వాలు ఆమెకు కప్పి, “అరగంటలో వచ్చేస్తాం అప్పా” అని చెప్పి పైకి పోతిని.

పైన మేము చూచినది మాటలతో చెప్పలేను. మేఘములు సముద్రమువలె పరచుకొని యుండెను. దానిపైని కొండకొనలు దీవులవలె లేచి నిలిచెను. సూర్యుడు రాగా అంతయు బంగారమాయెను. కీర్తన చదివితిమి, పాడితిమి, సంఘము కొరకు, దేశము కొరకు, రోగుల కొరకు ప్రార్థించితిమి. కొందరు పిల్లలు కన్నీరు విడిచిరి. అరగంట అనినది గంటన్నర ఆయెను. ఆ గంటన్నరలో నేను అప్పను ఒక్కసారియైనను తలచుకొనలేదు. రోగుల కొరకు ప్రార్థించునప్పుడు సయితము తలచుకొనలేదు.

దిగి వచ్చునప్పటికి బండమీద ఆమె లేదు.

పిలిచితిమి. పలుకు లేదు. ప్రక్కన పల్లము, మంచు ఇంకను విడలేదు. పిల్లలను నాలుగు దిక్కులకు పంపి, నేను ఆ బండ యొద్దనే నిలిచితిని. అప్పుడు నా మోకాళ్లు వణకినవి చలికి కాదు. ఆమె కొడుకుకు ఏమని చెప్పుదును? నన్ను నమ్మి వచ్చిన మనిషిని ఏ కారణము చేత విడిచితినని చెప్పుదును? సూర్యోదయము చూచుటకా?

కొంతసేపటికి ఒక కుర్రవాడు పరుగున వచ్చి, ఆమె దొరికినదని చెప్పెను. కట్టెలకు పోవుచున్న గిరిజన స్త్రీ యొకతె ఆమె వణకుచుండుట చూచి, చేయి పట్టుకొని తన ఇంటికి తీసికొని పోయి, పొయ్యి దగ్గర కూర్చుండబెట్టి, వేడి చోడి అంబలి త్రాగించినది. మేము పోవునప్పటికి ఇద్దరును మంట కాచుకొనుచు మాటలాడుకొనుచుండిరి. నేను క్షమాపణ చెప్పబోగా అప్ప నవ్వి, “ఈ అమ్మి నన్నడిగింది, నీవోళ్లు ఎవురూ నేరా అని. ఉన్నారమ్మా, దేవుడి మాట సెప్పుకోడానికి పైకెల్లారు అన్నాను” అనినది.

ఆమె ఎత్తిపొడుపుగా అనలేదు. ఎత్తిపొడుపు ఆమె స్వభావము కాదు. అందుచేతనే ఆ మాట నాలో లోతుగా దిగినది. తిరుగు ప్రయాణములో వ్యానులో అందరును నిద్రించుచుండగా ఆమె మెల్లగా, “పైన ఏటి అగుపడింది తమ్ముడూ?” అని అడిగినది. నాకు నోరు రాలేదు.

తరువాత సంఘపెద్దల కూటములో ఈ సంగతి నేనే చెప్పితిని. అక్కడ వచ్చిన మాటలు మీ యెదుట పెట్టుచున్నాను. ఇవి మన గృహములలోను సంఘములోను ప్రతిదినము వచ్చు మాటలే.

మొదటి మాట: “ఆమెయే పొమ్మన్నది గదా, నీ తప్పేమి?” ఈ మాట నాకు కొంత ఓదార్పుగా నుండెను గాని నిలువలేదు. జీవితమంతయు ఇతరులకు భారము కాకూడదని నేర్చుకొనినవారు “మీరు వెళ్లండి” అనుట చాల సుళువుగా అందురు. ముసలితల్లి “నాకేమీ వద్దు నాయనా” అనును. కూలివాడు “తరువాత ఇయ్యండి బాబూ” అనును. ఆ మాటలు నిజమైన సమ్మతి కావు. అవి మన ముఖము చదివి చెప్పిన మాటలు. అప్ప నా ముఖమున తొందర చూచినది, దానికి తగిన మాట చెప్పినది. బలహీనుడు ఇచ్చిన సెలవును బలవంతుడు చేతబట్టుకొని పోవునప్పుడు, ఆ సెలవు ఎవరు వ్రాసినదో తన్ను తాను అడుగుకొనవలెను.

రెండవ మాట: “ఒక్కరి కొరకు 25 మంది ఆగవలెనా? అట్లయినచో లోకములో ఎవడును ఏ శిఖరమును చేరడు.” ఇది త్రోసివేయదగిన మాట కాదు. ప్రభువు సయితము రూపాంతర కొండకు పండ్రెండుమందిని తీసికొని పోలేదు. ముగ్గురినే తీసికొని పోయెను. బలముగల వాని కాళ్లకు సంకెల వేయుట ప్రేమ కాదు. పిల్లలు చూచిన ఆ ఉదయము వారి జన్మాంతము నిలుచును. దానిని వారికి లేకుండ చేయుట నాకును ఇష్టము లేదు.

అయితే ప్రశ్న వారు ఎక్కవచ్చునా లేదా అని కాదు. ఒకరిని ఎట్లు విడిచి ఎక్కితిమి అనునదే ప్రశ్న. దీనికి లేఖనములో దావీదు జీవితమునుండి సమాధానము దొరకినది. సిక్లగు కాలిపోయిన తరువాత దావీదు 600 మందితో శత్రువులను తరుముచు బెసోరు వాగు నొద్దకు వచ్చెను. 200 మంది అలసి వాగు దాటలేకపోయిరి. దావీదు వారిని కొట్టి నడిపింపలేదు. వారి నిమిత్తము తరుముట మానుకొనలేదు. 400 మందితో ముందుకు పోయెను. జయించి తిరిగి వచ్చునప్పుడు, రానివారికి దోపుడుసొమ్ములో భాగము లేదని కొందరు తగవు పెట్టిరి. దావీదు అందుకు ఒప్పుకొనలేదు. యుద్ధమునకు పోయినవానికి ఎంత పాలో, సామాను నొద్ద నిలిచినవానికిని అంతే పాలని తీర్పు చెప్పి, దానిని ఇశ్రాయేలీయులకు కట్టడగా చేసెను.

ఇందులో మూడు సంగతులు గమనింపుడి. క్రింద నిలిచినవారు 200 మంది. ఒకరికొకరు తోడుగా నుండిరి. వారికి పని యుండెను, సామాను కాచిరి. వారికి పాలు నిలిచియుండెను. నేను అప్పకు ఈ మూడింటిలో ఒక్కటియు ఇయ్యలేదు. తోడు లేదు, పని లేదు, పాలు లేదు. మోయలేని మూటను దారిప్రక్కన దించినట్లు ఆమెను దించి పోతిని. రూపాంతర కొండ క్రింద నిలిచిన తొమ్మిదిమందియు కలిసియే యుండిరి; ప్రభువు దిగివచ్చిన వెంటనే వారి యొద్దకే, వారు స్వస్థపరచలేకపోయిన ఆ పిల్లవాని యొద్దకే వచ్చెను. పేతురు పైన పర్ణశాలలు కట్టుదుమని అడిగెను గాని ప్రభువు దిగెను.

యాకోబు మాట యింకను సూటిగా నున్నది. ఏశావు తనతో కలిసి నడువుమని పిలిచినప్పుడు, పిల్లలు పసివారనియు, పాలిచ్చు గొఱ్ఱెలు మేకలు పశువులు తనతో నున్నవనియు, ఒక్క దినము వడిగా తోలినయెడల మందయంతయు చచ్చుననియు అతడు చెప్పెను. వాటి నడకకు తగినట్లు, పిల్లల నడకకు తగినట్లు మెల్లగా నడిపింతుననెను. మన పల్లెలలో మేకలు కాచువానికి ఇది బోధింపనక్కరలేదు. ఈనిన మేకను బట్టి మంద నడక సాగునని వానికి తెలియును. చదువుకొనిన మనమే మరచిపోవుచున్నాము.

ఈ ప్రశ్న చిన్న కొండలదే కాదు. లోకములో అన్నిటికంటె ఎత్తైన ఎవరెస్టు శిఖరము 8,848 మీటర్లు. 1953 మే 29వ తేదీన టెన్సింగ్, హిల్లరీ మొదట దానిని ఎక్కిరని పాఠములలో చదివితిమి. మూడు దినములు ముందుగా, మే 26న, అదే జట్టులోని బౌర్డిలాన్, ఇవాన్స్ అనువారు శిఖరమునకు కొంచెము దూరమువరకు పోయి, ప్రాణములతో తిరిగి రావలెనని వెనుకకు మరలిరి. అదే దినమున ఆ జట్టు నాయకుడగు హంట్, షెర్పా దా నంగ్యాల్ తమ వీపులమీద సామాను మోసి, వెనుక వచ్చువారి కొరకు ఎత్తైన చోట దించి దిగివచ్చిరి. ఇద్దరి పేర్లు అందరికి తెలియును. క్రింద నిలిచినవారి వీపులమీదనే ఆ ఇద్దరును పైకి పోయిరి.

2006వ సంవత్సరమున అదే కొండమీద రెండు సంగతులు జరిగినవి. మే నెల నడుమ డేవిడ్ షార్ప్ అను ఇంగ్లండు దేశస్థుడు దారిప్రక్కన చావుబ్రతుకులలో నుండగా అనేకులు అతని దాటి పోయిరి. అంత ఎత్తున అతనిని రక్షించుట అసాధ్యమని కొందరనిరి. అది నిజమే కావచ్చును. అయినను ముసలివాడైన హిల్లరీ ఆ వార్త విని, మనిషిని విడిచి శిఖరము కొరకు పోవుట తప్పని గట్టిగా చెప్పెను. మరి పదునొకండు దినములకు, మే 26న, చనిపోయెనని విడువబడిన లింకన్ హాల్ అను ఆస్ట్రేలియా దేశస్థుడు దారిలో బ్రతికి కూర్చుండుట డాన్ మజుర్ అను అతని జట్టువారు చూచిరి. వారు నలుగురు, శిఖరము దగ్గరలోనే యున్నది. వారు శిఖరమును విడిచి ఆ మనిషి యొద్ద నిలిచిరి. షెర్పాలు వచ్చి అతనిని దింపిరి. అతడు 2012వ సంవత్సరము వరకు బ్రతికెను. ఆ నలుగురు ఆ దినమున శిఖరము ఎక్కలేదు. వారు ఓడిపోయిరని మీరు చెప్పుదురా?

ఇంకొక సంగతి చెప్పక విడువలేను. మేము వ్యానులో సుఖముగా ఎక్కిన ఆ ఘాటు దారిని ఆంగ్లేయుల కాలమున గిరిజనులచేత కొట్టించిరి. వారికి న్యాయమైన కూలి ఇయ్యలేదు. ఆ అన్యాయము మన్యపు తిరుగుబాటుకు కారణములలో ఒకటి. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు చింతపల్లి పోలీసు ఠాణామీద పడుటతో అది మొదలాయెను. ఇయ్యని కూలి దేవుని చెవిని మొఱ్ఱపెట్టునని యాకోబు తన పత్రిక అయిదవ అధ్యాయమున హెచ్చరించెను. అట్టి దారిమీద మేము పాడుకొనుచు పోతిమి. ఆ మన్యపు స్త్రీయే మేము విడిచిన సహోదరిని పొయ్యి దగ్గర కూర్చుండబెట్టినది. మంచి సమరయుని కథను నేను ఎన్నియో మారులు బోధించితిని. ఆ కథలో దాటిపోయిన యాజకుడను నేనే అగుదునని ఎన్నడును అనుకొనలేదు.

ప్రియులారా, మన సంఘములలో బండరాయి మీద కూర్చున్నవారు ఎందరు? చదువురాని తల్లి బైబిలు తరగతిలో మౌనముగా కూర్చుండును. మనము అధ్యాయము తరువాత అధ్యాయము పోవుదుము. మోకాళ్ల నొప్పితో ఆదివారము గుడికి రాలేని తాతకు ప్రభుబల్ల ఎన్ని నెలలకు అందుచున్నది? పిల్లలు విశాఖపట్నమునకో హైదరాబాదునకో పోయి పైకి వచ్చిరని సంతోషింతుము. వారిని పైకి పంపిన తలిదండ్రులు ఇంటి అరుగుమీద సామాను కాచుచున్నారు. వారికి పాలు పంపుచున్నామా? పాలు అనగా డబ్బు మాత్రమే కాదు.

నిరుడు పిల్లలు మరల చెరువులవేనం పోవుదమనిరి. ఈ మారు ముందుగా కూర్చుండి మాటలాడుకొంటిమి. అప్పను పిలిచితిమి. “నానొత్తే మీకు ఆలీసం” అనినది. ఆలస్యమైనను సరే యని చెప్పితిమి. ఆమె నడక యెంతవరకు సాగునో అంతవరకు అందరము కలిసి పోతిమి. అక్కడనే, ఆ బండ యొద్దనే, ఆరాధన జరిపితిమి. ఆమె ప్రార్థించినది. మన్యపు ఆ తల్లికి ఒక దుప్పటియు కొంచెము బెల్లమును తీసికొని పోయి యిచ్చితిమి. తరువాత పిల్లలు పైకి పోయిరి. నేను క్రిందనే నిలిచితిని.

అబద్ధమాడను: నా మనస్సు పైననే యుండెను. బండ యొద్ద ఎండ ఆలస్యముగా తగులును. మేఘసముద్రము అక్కడికి కనబడదు. వదులుకొనుట అనగా నిజముగా వదులుకొనుటయే. దానిలో తీపి వెంటనే కలుగునని ఎవరైన చెప్పినచో నమ్మవద్దు. పౌలు రోమా సంఘమునకు వ్రాయుచు, క్రీస్తు తన్ను తాను సంతోషపెట్టుకొనలేదని జ్ఞాపకము చేయుట ఇందుకేనేమో. అది ఆయనకును సుళువు కాలేదు.

పిల్లలు దిగి వచ్చి బండ చుట్టు కూర్చుండిరి. తాము చూచినది ఒక్కొక్కరే అప్పకు చెప్పిరి. ఒకడు మేఘములు దూదివలె నున్నవనెను, ఇంకొకడు కాదు, పొంగిన పాలవలె ననెను. పైన పాడిన పాట మరల పాడిరి. ఆమె చేతులు ఒడిలో పెట్టుకొని వినుచుండెను. చివరకు, “అయితే నాను పోయినేడు అడిగినది ఇదేనన్నమాట” అనినది.

ఆమె అడిగినది కొండ కాదు, తన పాలు. ఈ నెలలో మీ ఇంటనో మీ వీథిలోనో అట్లు వేచియున్నవారు ఒకరుందురు. వారి యొద్దకు వెళ్లి కూర్చుండుడి. వారి నడకకు తగినట్లు మెల్లగా నడువుడి. మనలను ఎత్తుకొని వచ్చిన కాపరి మన నడకకు తగినట్లే నడిచెను గదా.

ప్రార్థన: ప్రభువా, మా కాళ్లకు బలమిచ్చితివి, అందుకు స్తోత్రము. ఆ బలముతో మేము దాటిపోయినవారిని మాకు చూపుము. వెనుకకు మరలుటకు ధైర్యమిమ్ము. ఆమేన్.